చల్లగా మూతి విప్పితే ట్యూబు నిలువునా చీలుతోంది: ముందు ఏ హీట్ ట్రీట్‌మెంట్ చేయాలి?

ఆటోనగర్ లేత్ | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. విశాఖ గాజువాక ఆటోనగర్‌లో మాది చిన్న షాపు. రెండు లేత్‌లు, ఒక పవర్ హ్యాక్‌సా, 60 టన్నుల హైడ్రాలిక్ ప్రెస్ ఉన్నాయి. ఒక ఆర్డరు పట్టుకుని ఇరుక్కున్నాను, పెద్దలు దారి చెప్పాలి.

స్టీలు ట్యూబు, సీమ్‌లెస్ (అతుకు లేనిది). బయటి వ్యాసం 48 మి.మీ., మందం 4 మి.మీ., అంటే లోపలి బోరు 40. ఒక చివర 60 మి.మీ. లోతున బోరుని 45కి విప్పాలి. అందులోకి ఇంకో 44.5 ట్యూబు దూరుతుంది. కోను పంచ్‌కి గ్రీజు రాసి ప్రెస్‌లో మెల్లగా దింపుతున్నాం. వేడి ఏమీ చేయడం లేదు.

పదింటిలో మూడు నాలుగు మూతి దగ్గర చీలిపోతున్నాయి. అంచు దగ్గర మొదలై నిలువుగా 20, 30 మి.మీ. వరకు వెళ్తోంది. చీలేటప్పుడు 'ఠప్' అని చప్పుడు. దీనికన్నా నన్ను భయపెట్టింది ఇంకొకటి. శనివారం సాయంత్రం బాగా వచ్చాయని పక్కన పేర్చిన వాటిలో రెండు ఇవాళ ఉదయానికి చీలి ఉన్నాయి. వాటిని ఎవరూ ముట్టుకోలేదు. ఆర్డరిచ్చిన పార్టీకి పంపాక వాళ్ల దగ్గర ఇలా చీలితే నా పరిస్థితి ఏమిటి?

హీట్ ట్రీట్‌మెంట్ చేయించమని అందరూ అంటున్నారు. ఏది చేయించాలో మాత్రం తలా ఒక మాట చెబుతున్నారు.

మల్కాపురం వెల్డర్ | సోమవారం, రాత్రి 9:40

అన్నా, దానికింత ఆలోచనేటి? గేస్ నాజిల్ పెట్టి మూతి ఎర్రగా కాల్చి నీళ్ల బకెట్లో ముంచెయ్. మెత్తబడిపోద్ది. ఏసీ పనుల్లో గొట్టాలకి మేం ఎప్పుడూ అలాగే చేత్తాం, ఒక్కటీ పగల్లేదు.

పాత కొలిమి | సోమవారం, రాత్రి 10:05

తమ్ముడూ ఆగు. ఏసీలో నువ్వు కాల్చేవి రాగి గొట్టాలు. రాగిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచినా మెత్తగానే ఉంటుంది, గాలికి వదిలినా మెత్తగానే ఉంటుంది. స్టీలు అలా కాదు. ఎర్రగా కాలినప్పుడు దాని లోపలి అమరికే మారిపోతుంది. అప్పుడు నీళ్లలో ముంచితే అందులో ఉన్న కార్బన్ బయటికి రాలేక లోపలే ఇరుక్కుని గాజులాగా గట్టిపడుతుంది. మార్టెన్‌సైట్ అనేది అదే. నువ్వు చెప్పినట్టు చేసి పంచ్ దింపితే పదికి పదీ చీలతాయి.

ఆటోనగర్ బాబూ, ఇది ముందే చెప్పేస్తున్నాను, తప్పుగా అనుకోకు. ఈ సలహా నీకు రేపు ఇంకో ముగ్గురు ఇస్తారు. గ్రేడు తెలియని స్టీలుని కాల్చి నీళ్లలో పెట్టొద్దు.

మల్కాపురం వెల్డర్ | సోమవారం, రాత్రి 10:11

అలాగా గురువుగారూ. రాగికీ ఇనుముకీ ఒకటే పద్ధతనుకున్నాను. తెలిసింది.

డ్రాబెంచ్ | సోమవారం, రాత్రి 11:20

నేను ట్యూబు లాగే మిల్లులో 18 ఏళ్లు చేశాను, ఇప్పుడు పెదగంట్యాడలో ఉంటున్నాను. హీట్ ట్రీట్‌మెంట్ మాట తర్వాత. ముందు ఇది చెప్పండి: ట్యూబుతో పాటు మిల్లు సర్టిఫికెట్ వచ్చిందా? అందులో గ్రేడు పక్కన ఏ కండిషన్ అని రాసి ఉంది?

ఎందుకు అడుగుతున్నానంటే, ఒకే గ్రేడు, ఒకే సైజు ట్యూబు నాలుగైదు అవతారాల్లో దొరుకుతుంది. పాత జర్మన్ ప్రమాణం డిన్ 2391 ప్రకారం బీకే అంటే చల్లగా లాగి అలాగే ఇచ్చేసింది, మిల్లులో మళ్లీ ఏ వేడీ చూడలేదు. బీకేఎస్ అంటే లాగాక స్ట్రెస్ రిలీవ్ చేసింది. జీబీకే అంటే అనీల్ చేసింది, ఎన్‌బీకే అంటే నార్మలైజ్ చేసింది. ఇప్పటి యూరప్ ప్రమాణం ఈఎన్ 10305-1లో వీటినే +సి, +ఎస్ఆర్, +ఎ, +ఎన్ అని రాస్తారు. కంటికి నాలుగూ దాదాపు ఒకేలా ఉంటాయి. నా అనుమానం మీకు వచ్చింది బీకే అని.

ఆటోనగర్ లేత్ | మంగళవారం, ఉదయం 8:30

సర్టిఫికెట్ ట్రేడరు వాట్సాప్‌లో పంపాడు. ఇ355+సి అని ఉంది. కార్బన్ 0.19, మాంగనీస్ 1.38, సల్ఫర్, ఫాస్ఫరస్ తక్కువే. నా పర్చేజ్ ఆర్డర్‌లో సైజు, గ్రేడు మాత్రమే రాశాను. ఈ ప్లస్ గుర్తు సంగతి నాకు తెలియదు. అదేదో కంపెనీ కోడ్ అనుకున్నాను.

డ్రాబెంచ్ | మంగళవారం, ఉదయం 9:02

అయితే చిక్కు అక్కడే. లెక్క చూడండి. బోరు 40ని 45 చేస్తున్నారు, అంటే లోపలి చుట్టు 12.5 శాతం సాగాలి. ఇ355కి ఆ ప్రమాణంలో కనీస ఎలాంగేషన్, అంటే తెగే ముందు సాగే శాతం: +సి అయితే 4 శాతం, +ఎస్ఆర్ అయితే 10, +ఎన్ అయితే 22. కనీసం 4 అంటే నిజంగా ఏడెనిమిది రావచ్చు, ఇంకాస్త ఎక్కువా రావచ్చు. అందుకే కొన్ని బతుకుతున్నాయి, కొన్ని చీలుతున్నాయి. మీ ప్రెస్ తప్పూ కాదు, పంచ్ తప్పూ కాదు. సాగే శక్తి మిల్లులోనే ఖర్చైపోయిన ట్యూబుని మీరు ఇంకా సాగమంటున్నారు.

అది ఎలా ఖర్చవుతుందో చెబుతాను. వేడిగా బెజ్జం వేసిన బోలు గొట్టం మా దగ్గరికి వచ్చేది. మూతి సన్నగా కొట్టి, ఆసిడ్‌లో పొక్కు (వేడికి కట్టిన పెచ్చు) తీసి, ఫాస్ఫేట్ వేసి, సబ్బులో ముంచి, డై అనే రంధ్రమున్న అచ్చులోంచి లాగుతాం. ఒక్క లాగుడులో అడ్డకోత వైశాల్యం పాతిక, ముప్ఫై శాతం తగ్గుతుంది. లాగిన ప్రతిసారీ గట్టిపడుతుంది, సాగే గుణం పడిపోతుంది. రెండు లాగుళ్లకి మధ్య అనీలింగ్ చేయకపోతే బెంచి మీదే తెగుతుంది, చైను ఎగిరి పడుతుంది. అందుకే మధ్యలో 650 నుంచి 700 డిగ్రీల మధ్య పెట్టి మెత్తబరుస్తాం. చివరి లాగుడు తర్వాత మాత్రం ఏం చేయాలన్నది కొనేవాడు రాసిన దాన్నిబట్టి ఉంటుంది. మీరు రాయలేదు కాబట్టి వాళ్లు ఏమీ చేయలేదు.

దువ్వాడ మెటలర్జీ | మంగళవారం, ఉదయం 10:45

డ్రాబెంచ్ గారు చెప్పింది సరిగ్గా ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలో మెటలర్జీ చదివాను, ఇప్పుడు టెస్టింగ్ పనిలో ఉన్నాను. రాత్రికి రాత్రి చీలిన ఆ రెండు ముక్కల గురించి కాస్త వివరంగా రాస్తాను. ఈ మొత్తంలో నాకు ముఖ్యంగా తోచింది అదే.

చల్లగా లాగిన ట్యూబులో పైపొర డైకి రాసుకుంటూ వస్తుంది, లోపలి భాగం వేరుగా కదులుతుంది. బయటికి వచ్చాక రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటూ ఉండిపోతాయి. సాధారణంగా పైపొర చుట్టుకొలత దిశలో లాగుడులో ఉంటుంది. బోరులో ప్లగ్ లేకుండా వట్టిగా లాగితే ఇది మరీ ఎక్కువ. మీరు పంచ్ దింపాక ఇంకో లాగుడు దాని మీద చేరింది. ఏ బరువూ మోపకపోయినా ఆ ముక్క లోపల బిగించిన విల్లులాగా ఉంది.

ఇక రెండో సంగతి. ట్యూబుకి తుప్పు పట్టిందా? ఆసిడ్‌లో వేశారా?

ఆటోనగర్ లేత్ | మంగళవారం, ఉదయం 11:15

వేశాను మేడమ్. మన సముద్రపు గాలికి వారం బయట ఉంటే ఎర్రగా అయిపోతుంది కదా. హైడ్రోక్లోరిక్ ఆసిడ్ తొట్టిలో వేసి శుక్రవారం రాత్రంతా వదిలేశాం. శనివారం కడిగి పని మొదలుపెట్టాం. అదీ తప్పేనా?

దువ్వాడ మెటలర్జీ | మంగళవారం, ఉదయం 11:50

రాత్రంతా ఉంచడం తప్పే అండీ. తుప్పు పోయాక ఆసిడ్ అసలు ఇనుము మీద పని మొదలుపెడుతుంది. అప్పుడు పుట్టే హైడ్రోజన్ కొంత బుడగలుగా పోతుంది, కొంత పరమాణువులుగా స్టీలులోకి దూరుతుంది. లాగుడులో ఉన్న చోటికి మెల్లగా చేరి అక్కడ పెళుసు చేస్తుంది. చీలడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పట్టేది అందుకే. ఇంత మాత్రం బలమున్న స్టీలుకి హైడ్రోజన్ ఒక్కటే ఈ పని చేసిందని నేను అనను. చల్లగా లాగి, మళ్లీ చల్లగా విప్పి, లోపల అంత ఒత్తిడి పెట్టుకున్న దానికి ఇది తోడైంది. ఆసిడ్‌లో పదీ పదిహేను నిమిషాలు, అదీ ఆసిడ్ ఇనుముని తినకుండా ఇన్హిబిటర్ కలిపి, చాలు. బయటికి తీసిన వెంటనే కడిగి 200 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు బేక్ చేస్తే చాలావరకు బయటికి పోతుంది. అనీలింగో నార్మలైజింగో చేయబోతున్నారంటే ఆ వేడికే పోతుంది, వేరే బేకింగ్ అక్కర్లేదు.

ఇది కొత్త జబ్బేమీ కాదు. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలోనే, వానాకాలంలో గుర్రపుశాలల దగ్గర నిల్వ చేసిన ఇత్తడి తూటా గొట్టాలు ఎవరూ ముట్టుకోకుండానే చీలిపోయేవి. చల్లగా లాగిన ఇత్తడిలో మిగిలిన ఒత్తిడికి పేడ, మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా తోడైంది. సీజన్ క్రాకింగ్ అని దానికి పేరు వచ్చింది. విరుగుడు ఏమిటంటే తక్కువ వేడి మీద స్ట్రెస్ రిలీవింగ్. లోహం వేరు, వాయువు వేరు, మూలం మాత్రం మీ ముక్కలదే.

మీ షాపులోనే చేయగలిగిన పరీక్ష ఒకటి చెబుతాను. 150 మి.మీ. ముక్క కోయండి. వెర్నియర్‌తో మధ్యలో బయటి వ్యాసం కొలవండి. సన్నటి బ్లేడుతో ఒక పక్క నిలువునా పూర్తిగా కోయండి, వేడెక్కకుండా మెల్లగా. మళ్లీ అదే చోట, కోతకి అడ్డంగా కొలవండి. లోపల ఒత్తిడి ఉంటే ట్యూబు నోరు తెరుస్తుంది. ఎంత తెరిచిందో చెప్పండి, లెక్క కట్టి ఇస్తాను.

ఐటీఐ సింధియా | మంగళవారం, మధ్యాహ్నం 2:10

నేను ఐటీఐ చదువుతున్నాను. అనీలింగ్, నార్మలైజింగ్, స్ట్రెస్ రిలీవింగ్ మూడూ కాల్చి చల్లార్చడమే కదా, తేడా ఎక్కడ ఉంది సార్?

పాత కొలిమి | మంగళవారం, మధ్యాహ్నం 3:30

మంచి ప్రశ్న బాబూ. 727 డిగ్రీల దగ్గర ఒక గీత గీసుకో. మామూలు కార్బన్ స్టీలులో ఆ గీత దాటాకే లోపలి అమరిక మారడం మొదలవుతుంది.

స్ట్రెస్ రిలీవింగ్ ఆ గీతకి చాలా కింద, 550 నుంచి 650. అమరిక మారదు, లోపలి ఒత్తిడి సడలుతుంది. బలం కొంచెమే తగ్గుతుంది. ట్యూబు మిల్లులో డ్రాబెంచ్ గారు చేసే అనీలింగ్ గీతకి కాస్త కింద, 700 లోపు. లాగినప్పుడు నలిగి పొడవుగా సాగిన రేణువులు మళ్లీ కొత్తగా పుడతాయి. నార్మలైజింగ్ గీత పైన. ఇంత కార్బన్ ఉన్నదానికి 890 నుంచి 920 దాకా తీసుకెళ్లి, గాలికి చల్లార్చాలి. పాతదంతా చెరిగి సన్నటి కొత్త రేణువులు వస్తాయి. అంతే వేడి చేసి ఫర్నేసులోనే రాత్రంతా వదిలితే అది ఫుల్ అనీలింగ్, ఇంకా మెత్తన.

రంగు చూసి వేడి చెప్పడం నేర్చుకో, కానీ నమ్మకు. చీకటి మూలలో ముదురు ఎరుపుగా కనిపించేది ఎండలో అసలు ఎర్రగానే కనిపించదు. మా షాపులో పగలు షిఫ్టు వాళ్లు ఎప్పుడూ ఎక్కువ కాల్చేసేవాళ్లు, రాత్రి వాళ్లు తక్కువ. అయస్కాంతం ఇంకాస్త నయం, 770 దగ్గర స్టీలు దానికి అంటుకోవడం మానేస్తుంది. వేడిని బట్టి కరిగే చాక్‌పీసులు దొరుకుతాయి, అవి ఇంకా నయం. అన్నిటికన్నా నయం థర్మోకపుల్, అంటే వేడి కొలిచే తీగల జత. అది కూడా ఫర్నేసు గోడకి కాకుండా ట్యూబుకి తగిలి ఉండాలి.

క్రోమోలీ | మంగళవారం, సాయంత్రం 6:05

నాది కాస్త పక్క విషయం. కాలేజీ పిల్లల రేసింగ్ బగ్గీలకి 4130 అనే గ్రేడు స్టీలు ట్యూబుతో ఫ్రేములు వెల్డ్ చేస్తాను. అందులో కార్బన్ 0.28 నుంచి 0.33, క్రోమియం ఒక శాతం అటూ ఇటూ, మాలిబ్డినం 0.2 దగ్గర ఉంటుంది. నీళ్లూ నూనే ఏమీ అక్కర్లేదు, పలచటి ట్యూబు గాలికే గట్టిపడుతుంది. మే నెలలో వైజాగ్ ఉక్కపోతకి తట్టుకోలేక కుర్రాళ్లు టేబుల్ ఫ్యాన్ వెల్డు మీదకే తిప్పారు. మర్నాడు జాయింటు పక్కన, వెల్డుని ఆనుకుని, వెంట్రుక మందం పగులు. వెల్డులో తప్పు లేదు, పక్కనున్న స్టీలు గట్టిపడి పెళుసైంది. అప్పటినుంచి ఫ్యాన్ మనిషి వీపుకే, పనికి కాదు. మందం ఎక్కువుంటే ముందుగా 150 నుంచి 200 డిగ్రీలకి వేడి చేసుకుంటాను, వెల్డ్ అయ్యాక సిరామిక్ దుప్పటి కప్పుతాను.

పాత కొలిమి | మంగళవారం, రాత్రి 8:50

నాదీ ఒకటి చెబుతాను, ఇది నా మనసులో చాలా ఏళ్లుగా ఉంది. నేను చేసిన ఒక షాపులో 4140 గ్రేడు మందపాటి ట్యూబులు గట్టిపరిచే పని వచ్చింది. కార్బన్ 0.40. నూనెలో చల్లార్చాం, ఒక్కటీ పగల్లేదు, అందరం సంతోషంగా ఉన్నాం. గట్టిపడినదాన్ని మళ్లీ తక్కువ వేడి చేసి పెళుసుదనం తగ్గించే టెంపరింగ్ ఫర్నేసులో వేరే లోడు ఉంది. మేనేజరు గారు, 'పొద్దున్న పెడదాంలే' అన్నారు. నేను అడ్డు చెప్పాల్సింది, చెప్పలేదు.

రాత్రి పదకొండు దాటాక, షెడ్డులో మెషీన్లన్నీ ఆగిపోయాక, ర్యాకు మీద నుంచి 'టిక్' అని వినిపించింది. కాసేపటికి మళ్లీ 'టిక్'. దగ్గరికి వెళ్లి లైటు వేసి చూస్తే ఒక ట్యూబు చివర్నుంచి చివరిదాకా, గీత గీసినట్టు చీలి ఉంది. తెల్లారేసరికి పదకొండు పోయాయి.

అప్పుడే గట్టిపడిన స్టీలు చల్లారే కొద్దీ ఇంకా మారుతూనే ఉంటుంది, ఉబ్బుతూనే ఉంటుంది. చేతికి కాస్త ఓర్చుకోగలిగినంత వేడి, 60 డిగ్రీలు అనుకో, ఉన్నప్పుడే టెంపరింగ్‌లోకి వెళ్లిపోవాలి. టెంపరింగ్ ఫర్నేసు ముందు ఖాళీ చేసి వేడి ఎక్కించి, ఆ తర్వాతే నూనెలో ముంచడం మొదలుపెట్టాలి. ఇంకోటి, ట్యూబుని నిలువుగా ముంచాలి, రెండు మూతులూ తెరిచి. అడ్డంగా పడేస్తే బోరులో ఆవిరి ఇరుక్కుంటుంది, ఒక వైపు చల్లారి ఒక వైపు చల్లారక వంకర పోతుంది లేదా పగులుతుంది.

ఆటోనగర్ బాబుకి ఇది అవసరం లేదు, అతనిది గట్టిపరిచే పని కాదు. కానీ ఇది చదివేవాళ్లలో ఎవరికైనా పనికొస్తుంది.

పెందుర్తి గ్రిల్స్ | మంగళవారం, రాత్రి 9:30

మా ఈఆర్‌డబ్ల్యూ పైపులు (పట్టీని గుండ్రంగా మడిచి కరెంటుతో అతికించినవి) వంచేటప్పుడు అతుకు వెంట విడిపోతాయి. దానికీ ఇదే మందా?

డ్రాబెంచ్ | మంగళవారం, రాత్రి 9:55

అది వేరే. అతుకు దగ్గర అంచులు క్షణంలో కరిగే వేడికి వెళ్లి, క్షణంలో చల్లారతాయి. కార్బన్ కాస్త ఎక్కువున్న పట్టీ అయితే ఆ గీత వెంట గట్టిపడుతుంది. మంచి మిల్లులో అతుకు వెనకాలే ఇండక్షన్ కాయిల్ పెట్టి 900 పైన వేడి చేసి సీమ్ నార్మలైజ్ చేస్తారు. మీరు చేయగలిగింది: వంచేటప్పుడు అతుకు వంపుకి లోపలా బయటా కాకుండా పక్కన, సాగనీ నలగనీ చోట ఉండేలా పెట్టండి. ఒక చిన్న రింగు కోసి, అతుకు పక్కకి వచ్చేలా వైసులో పెట్టి నొక్కి చూడండి. అక్కడే తెరుచుకుంటే ఆ లాటు వెనక్కి పంపండి, అతుకే పట్టకపోతే ఏ కొలిమీ దాన్ని అతికించదు.

ఆటోనగర్ లేత్ | బుధవారం, రాత్రి 8:15

మేడమ్, ముక్క కోశాను. కోయక ముందు 48.00. కోత చివరికి వస్తుండగా బ్లేడు ఒక్కసారి వదులైపోయింది, ట్యూబు దానంతట అదే తెరుచుకుంది. ఇప్పుడు 48.90. నిజం చెప్పాలంటే చేతిలో పట్టుకుని చూస్తుంటే ఒళ్లు జలదరించింది. ఇంత బిగువు లోపల పెట్టుకున్నదాన్ని నేను పంచ్ పెట్టి కొడుతున్నాను.

దువ్వాడ మెటలర్జీ | బుధవారం, రాత్రి 9:00

బయటి వ్యాసంలోంచి మందం 4 తీసేస్తే వచ్చే మధ్య వ్యాసం 44 నుంచి 44.9 అయింది. ఒకటిని 44తో భాగించి, ఒకటిని 44.9తో భాగించి, మొదటిదాంట్లోంచి రెండోది తీసేయండి. దాన్ని మందం 4తో, స్టీలు స్థితిస్థాపక గుణకం 2,05,000తో గుణించి, 0.91తో భాగించండి. 410 మెగాపాస్కల్ దగ్గర వస్తుంది. ఇది పై అంచు దగ్గర చుట్టుకొలత దిశలో ఉన్న లాగుడు, మోటు లెక్కే, కానీ నమ్మదగిన మోటు లెక్క. నార్మలైజ్ చేసిన ఇదే స్టీలుకి కనీస ఈల్డ్, అంటే శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి, 355. అంటే మెత్తటి స్టీలైతే ఎప్పుడో లొంగిపోయేంత ఒత్తిడిని మీ ట్యూబు ఊరికే మోస్తోంది.

ఇప్పుడు మూడు దార్లు పెట్టి చూడండి. పది ముక్కలు వచ్చినవి వచ్చినట్టు, పది 600 దగ్గర గంట సేపు, పది 900 దగ్గర. మూడో రకానికి ట్యూబంతా ఆ వేడికి చేరాక పావుగంట చాలు, 4 మి.మీ. మందమే కదా. బయటికి తీశాక కుప్పగా పోయొద్దు, విడివిడిగా గాలి తగిలేలా వేలాడదీయండి. అన్నిటికన్నా ముందు మిల్లు సబ్బు, ఫాస్ఫేటు, మీ గ్రీజు వేడి కాస్టిక్‌లో కడిగేయాలి. పైన అవి ఉండగా కాలిస్తే ఫాస్ఫరస్ ట్యూబు పైపొరలోకి ఇంకుతుంది.

పాత కొలిమి | బుధవారం, రాత్రి 9:25

900లో గాలి తగిలితే పొక్కు కడుతుంది, ట్యూబు పైపొరలో కార్బన్ కూడా పోతుంది. గ్యాస్ వాతావరణం ఉన్న ఫర్నేసు దొరక్కపోతే, మూతున్న రేకు పెట్టెలో ట్యూబులు పెట్టి పోత ఇనుము రజను, కాస్త బొగ్గు వేసి మట్టితో మూత సీలు చెయ్యి. పాత పద్ధతే, పనిచేస్తుంది. కాకపోతే వేడి తగ్గకముందే పెట్టె తెరిచి ట్యూబులు బయటికి తీయాలి, లేకపోతే అది నార్మలైజింగ్ కాదు, అనీలింగ్ అయిపోతుంది. చేతులు జాగ్రత్త.

ఆటోనగర్ లేత్ | ఆదివారం, మధ్యాహ్నం 12:40

నాలుగు రోజులు పట్టింది, కానీ చెప్పినవన్నీ చేశాను. మర్రిపాలెం వైపు ఒక జాబ్ వర్క్ ఫర్నేసులో పెట్టించాను.

వచ్చినవి వచ్చినట్టు విప్పినవాటిలో నాలుగు చీలాయి. 600 పెట్టినవాటిలో రెండు చీలాయి. 900 పెట్టినవాటిలో ఒక్కటీ చీలలేదు, పంచ్ దిగే చప్పుడే మారిపోయింది, ప్రెస్ గేజీ చాలా తక్కువ చూపించింది. 600 పెట్టిన ముక్క కోసి చూస్తే 48.00 కాస్తా 48.05 దగ్గర ఆగింది. నోరు తెరవలేదు. మూడు రోజులుగా చూస్తున్నాను, మళ్లీ రాత్రి చీలినవి లేవు.

రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, పార్టీ డ్రాయింగులో ఈల్డ్ 450 కనీసం అని ఉంది. అంతా నార్మలైజ్ చేస్తే 355కి పడిపోతాను. రెండు, 600 పెట్టినవాటిలో చీలిన ఒకదానిలో చీలిక మూతి అంచు నుంచి కాకుండా మధ్యలో, బోరు లోపలి నుంచి మొదలైంది.

డ్రాబెంచ్ | ఆదివారం, మధ్యాహ్నం 1:30

450 అంటే అసలు వాళ్లు మనసులో పెట్టుకున్నది +ఎస్ఆర్ ట్యూబు. ఆ కండిషన్‌కి కనీస ఈల్డ్ అదే. కాబట్టి ట్యూబు మొత్తం 580 నుంచి 600 మధ్య స్ట్రెస్ రిలీవ్ చేయించండి, ఒంటికి బలం నిలుస్తుంది. తర్వాత విప్పాల్సిన చివర 90 మి.మీ. మాత్రం ఇండక్షన్ కాయిల్‌లో 900కి తీసుకెళ్లి గాలికి వదలండి. విప్పాక అక్కడ చల్లగా సాగినందుకు మళ్లీ కొంత బలం పుంజుకుంటుంది.

దువ్వాడ మెటలర్జీ | ఆదివారం, మధ్యాహ్నం 2:05

ఒప్పుకుంటాను, ఒక షరతుతో. కాల్చిన భాగానికీ కాల్చని భాగానికీ మధ్య ఒక మెత్తటి పట్టీ ఉంటుంది. అక్కడ వేడి 700 దాకా వచ్చి ఆగింది, కానీ విప్పలేదు కాబట్టి తిరిగి గట్టిపడలేదు. బరువు మోసేటప్పుడు వంగితే అక్కడే వంగుతుంది. ఆ పట్టీ లోపలి ట్యూబు దూరి ఉండే చోటుకి రాదు, సాకెట్ అడుగుకి అవతల పడుతుంది. అందుకే పార్టీకి ఫోన్‌లో కాదు, కాగితం మీద చెప్పండి: చివర ఇంత పొడవు మెత్తగా ఉంటుంది, ఇంత హార్డ్‌నెస్ వస్తుంది, ఒప్పుకుంటారా అని. వాళ్ల డిజైన్ ఇంజనీరు సంతకం లేకుండా మొదలుపెట్టకండి.

ఆ ముక్క సంగతి. చీలిక లోపలి నుంచి మొదలైందంటే అక్కడ ముందే గీత ఉండి ఉండాలి. లాగేటప్పుడు ప్లగ్‌కి అంటుకుని గీసుకుపోయిన గీత కావచ్చు, అసలు గొట్టంలోనే మడత కావచ్చు. ఎంత మంచి హీట్ ట్రీట్‌మెంటైనా ఉన్న గీతని మాన్పలేదు. అంచు దగ్గర చీలిన రెండోదానికి కోత అంచు ఎలా ఉంది?

ఆటోనగర్ లేత్ | ఆదివారం, సాయంత్రం 4:20

హ్యాక్‌సా బర్రు, అంటే కోసినచోట మిగిలే గరుకు అంచు, అలాగే ఉంది మేడమ్. వేలు పెట్టి రాస్తే గోరుకి తగులుతోంది. చీలిక సరిగ్గా ఒక బర్రు పంటి కింద నుంచే మొదలైంది. ఇవాళ నుంచి ప్రతి ముక్క మూతీ లోపలా బయటా ఫేసింగ్ చేసి, ఎమరీ పట్టించి, అప్పుడే ప్రెస్ మీదకి పంపుతాను. కుర్రాళ్లకి చెప్పాను.

డ్రాబెంచ్ గారూ, తర్వాత ఆర్డరుకి ఏమని రాయాలి?

డ్రాబెంచ్ | ఆదివారం, సాయంత్రం 4:45

ఈఎన్ 10305-1, ఇ355+ఎస్ఆర్ అని పూర్తిగా రాయండి, ఆ ప్లస్ తర్వాతి అక్షరాలతో సహా. మన వైజాగ్ స్టీల్ ప్లాంటులో ట్యూబులు రావు కాబట్టి ఎలాగూ బయటి నుంచే తెప్పించాలి. అందుకే ట్రేడరు దగ్గర కట్ట విప్పక ముందే సర్టిఫికెట్ చూడండి, హీట్ నంబరు (స్టీలు కరిగించిన బ్యాచి నంబరు) కట్ట ట్యాగు మీదదానితో సరిపోయిందో లేదో చూడండి. మిల్లులో ఒక టన్నుకి చేయించే స్ట్రెస్ రిలీవింగ్, మీరు బయట ముక్క ముక్కకీ చేయించే దానికన్నా చాలా చవక.

ఐటీఐ సింధియా | ఆదివారం, సాయంత్రం 5:10

అన్నా, ఆ కోసిన ముక్క, నోరు తెరిచింది, నాకు ఒకసారి చూపిస్తారా? క్లాసులో రెసిడ్యువల్ స్ట్రెస్ అని చదివాం, ఎప్పుడూ చూడలేదు.

ఆటోనగర్ లేత్ | ఆదివారం, సాయంత్రం 5:30

రా తమ్ముడూ, ఎప్పుడైనా రా. రెండు ముక్కలూ, తెరుచుకున్నదీ తెరుచుకోనిదీ, పక్కపక్కనే బల్ల మీద పెట్టాను.

దువ్వాడ మెటలర్జీ | ఆదివారం, సాయంత్రం 6:00

బోరులోంచి చీలిన ముక్క పారేయకండి. రెండు రోజులు ఆసిడ్‌కీ నీళ్లకీ దూరంగా, నూనె గుడ్డలో చుట్టి ఉంచండి. రంగు ద్రవం వేసి చూసే డీపీ పరీక్ష చేద్దాం, తర్వాత అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద పెడదాం. గీత అంచుల్లో తెల్లటి కార్బన్ లేని పొర కనిపిస్తే అది వేడిగా ఉన్నప్పుడే పుట్టిన మడత, లేకపోతే లాగినప్పటి గీత. మొదటిదైతే ఆ హీట్ నంబరు మొత్తం మీదా నాకు అనుమానమే, మిగతా ట్యూబులన్నీ చూడాల్సి ఉంటుంది.

ఆటోనగర్ లేత్ | ఆదివారం, సాయంత్రం 6:12

మంగళవారం ఉదయం దువ్వాడ తెస్తాను మేడమ్. గీత ఉన్న వైపు మార్కర్‌తో గుర్తు పెట్టాను. ఆ ట్యూబు మిగిలిన ముక్క 600 మి.మీ. ఉంది, అదీ తెస్తున్నాను. అప్పటిదాకా ఆ కట్ట ముట్టుకోవద్దని కుర్రాళ్లకి చెప్పి పక్కన పెట్టించాను.